మా పాటలు ఎట్టా పుట్టాయి: ఎక్కువగా అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మా బ్యాండ్ పాటలు విన్నవాళ్లు, కచేరీ అయ్యాక స్టేజీ పక్కకి వచ్చి పలకరించేవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేవి కావు ఇవి, సగం చెప్పి వదిలేస్తే ఇంటికొచ్చాక నాకే బాధగా ఉంటుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పాటల్లో మాటలు నావి, బాణీలు గిటార్ వాయించే మా వాడివి, మిగతాదంతా అందరిదీ.

ముందు బాణీయా, ముందు మాటలా?

రెండూ జరుగుతాయి గానీ మా దగ్గర ఎక్కువగా బాణీయే ముందు. వాడు గిటార్ పట్టుకుని "తాన నన్నా తానానా" అంటూ ఫోన్‌లో రికార్డు చేసి పంపిస్తాడు, నేను బండి మీద పోతూనో, సాయంత్రం కాలవ గట్టు మీద కూర్చునో దాన్నే పదిసార్లు, ఇరవైసార్లు వింటాను. భావం దొరకడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా దీర్ఘాల దగ్గర. బాణీ సాగే చోట మాట కూడా సాగాలి. "కడలి" చూడండి, మూడూ లఘువులే, దాన్ని తీసుకెళ్లి సాగే స్వరం మీద పెడితే పాడే అమ్మాయి "కడాలి" అనక తప్పదు, అప్పుడది తెలుగు మాటే కాదు. అదే "సంద్రం" అంటే "సం" దగ్గర ఆగడానికి చోటుంది, పైగా మా తీరంలో జనం అనే మాట కూడా అదే. ఇంకొకటి, పైస్థాయి స్వరం దగ్గర "ఉ"తో ముగిసే మాట పెడితే నోరు ముడుచుకుపోతుంది, "ఆ"తో ముగిస్తే గొంతు బాగా తెరుచుకుంటుంది. ఇవన్నీ నాకు పుస్తకాల్లో దొరకలేదు, పాడే అమ్మాయి మొహం చూసి నేర్చుకున్నాను. ఎక్కడ ఇబ్బంది పడుతోందో అక్కడ మాట మార్చాలి, అంతే.

ఉప్పు పాట వెనక కథేంటి?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే, నాకూ అన్నిటికంటే దగ్గరి పాట ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మాది అల్లూరు వైపు, వరి పండించే ఇల్లు. నెల్లూరు జిల్లాలో అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండాకాలంలో వేసే రెండో పంటని మేం ఎడగారు అంటాం, దానికి నీళ్లు వస్తాయో రావో అన్న టెన్షన్ ఇంట్లో ఎప్పుడూ ఉండేది. మా నాన్న ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే లేచి తూర్పు వైపు మబ్బు చూసేవాడు. ఆ చూపు మీద పాట రాయాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే ఇస్కపల్లి, అక్కడ ఉప్పు మడులు. వరి కయ్యలూ ఉప్పు మడులూ అంత దగ్గర దగ్గరగా ఉండే చోటు కాబట్టి పాటలో ఇద్దర్నీ కలిపి, కష్టజీవులంతా వాన కోసం ఎదురు చూస్తున్నట్టు పల్లవి రాశాను:

మబ్బు దిగి రావమ్మా
మా బతుకు తడిపి పోవమ్మా

బాణీకి సరిగ్గా కూర్చుంది. బ్యాండులో అందరికీ నచ్చింది. రిహార్సల్ రికార్డింగ్ ఫోన్‌లో పెట్టుకుని ఇస్కపల్లి వెళ్లాను, ఆ పని శబ్దాలు కొన్ని పట్టుకోవడానికి. అక్కడ ఉప్పు లాగుతున్న ఒక పెద్దమ్మకి పాట వినిపించాను. ఆమె పని ఆపి, చేతిలో కర్ర మీద గడ్డం ఆనించి మొత్తం విన్నది. విని, "గొంతు బాగుంది అబ్బయా, కానీ ఆ పిల్ల మమ్మల్ని చావమంటందా ఏంది? వానొస్తే ఉప్పు కరిగిపోద్ది" అన్నది.

నేను చూడకుండా రాసిన తప్పు అది. ఉప్పు మడికి కావాల్సింది ఎండ. మోటారుతో తోడిన ఉప్పునీళ్లని ఒక మడి నుంచి ఇంకో మడికి పారిస్తూ రోజుల తరబడి ఎండలో చిక్కబరుస్తారు. చిక్కదనం బోమే డిగ్రీల్లో 25 దగ్గరికి వస్తే గాని గింజ కట్టదు. మడి అడుగు గట్టిపడాలని అంతకుముందు కాళ్లతో తొక్కి తొక్కి చదును చేస్తారు. గింజ కట్టిన మడిలో ఒక్క పెద్ద వాన పడితే ఆ పనంతా మళ్లీ మొదటికొస్తుంది. మా నాన్న ఏ మబ్బు కోసం చూసేవాడో, అదే మబ్బుని చూసి ఈ పెద్దమ్మ గుండె పట్టుకునేది. మా ఇంటికీ వాళ్ల మడులకీ మధ్య దూరం ఎంతో లేదు. ముప్పై ఏళ్లు అక్కడే తిరిగిన నాకు ఆ సంగతి తట్టలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాసిందంతా పక్కన పెట్టేశాను. తెల్లారేసరికి పల్లవి ఇలా అయింది:

కట్టకి ఆ పక్క రావమ్మా
కట్టకి ఈ పక్క ఆగమ్మా

బాణీ అదే, మాటలు మారాయి, పాట మొత్తం మారిపోయింది. ముందు అది వాన పాట, ఇప్పుడది ఒక కట్టకి అటూ ఇటూ బతుకుతున్న రెండు ఇళ్ల పాట. నన్నడిగితే మా బ్యాండుకి సొంత గొంతు వచ్చింది అప్పుడే.

ఆ పాట మొదట్లో వచ్చే "సర్ర్... సర్ర్" ఏ వాయిద్యం?

వాయిద్యం కాదు. పొడుగాటి కర్ర చివర అడ్డంగా చెక్క బిగించి, దాంతో మడి మధ్యలో ఉన్న ఉప్పుని గట్టు వైపు లాగుతారు. నీళ్లలో తడిసిన గింజలు చెక్క కింద నలుగుతూ వచ్చే చప్పుడు అది. పెద్దమ్మ లాగేటప్పుడు ఒకసారి పొడుగ్గా లాగి, రెండు చిన్న తోపులు తోసేది, పొడుగు, పొట్టి, పొట్టి. ఫోన్‌తో తీసిన ఆ చప్పుడునే ఇంటికి తెచ్చుకుని విన్నాం, గిటార్ వాడు దాని మీదే తిశ్రగతిలో, అంటే మూడేసి దెబ్బల నడకలో, తీగ మీటడం మొదలుపెట్టాడు. అసలు రికార్డింగ్ రోజు మంచి మైకు తీసుకెళ్లి మళ్లీ తీశాం గానీ గాలి హోరు ఎక్కువైంది, చివరికి పాటలో ఉంచింది ఫోన్ రికార్డింగే. చెవి పెట్టి వింటే మధ్యలో ఎవరో దగ్గడం కూడా వినబడుతుంది. తీసేద్దామన్నారు, నేను వద్దన్నాను.

మూడు చరణాలకీ వాయిద్యాలు ఒక్కోటి పెరుగుతూ పోతాయి ఎందుకు?

నీళ్లు మడి మడికీ చిక్కబడతాయి కదా, అందుకు. మొదటి చరణంలో గిటార్, గొంతు మాత్రమే, రెండో దాంట్లో హార్మోనియం, మూడో దాంట్లో పలక, అంటే డప్పు. ఇది కీబోర్డ్ అక్క ఆలోచన. నేను చరణాలు రాసేటప్పుడు ఆ ఉద్దేశం లేదు.

పలక పాటలో పలక అంటే ఏ పలక? రాసేదా, కొట్టేదా?

రెండూ. గిటార్ వాడిది మార్కాపురం. ఆ ఊరి రాతి పలకలు ఒకప్పుడు దేశమంతా, బయటి దేశాలకీ పోయేవి, వాళ్ల నాన్న చేసిన పని పలకలకి చెక్క చట్రాలు బిగించడం. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పని బాగా తగ్గిపోయింది. మా నెల్లూరు వైపేమో డప్పుని కూడా పలకే అంటారు. మా బ్యాండులో పలక కొట్టే మామకి చిన్నప్పుడు బడికి పోవడం కుదరలేదు. ఒకరోజు ఇద్దరూ మాట్లాడుకుంటుంటే మామ అన్నాడు, "మీ నాయన పలక నా దాకా రాలేదురా, నాకు దొరికింది ఈ పలకే." వాడికి మాట రాలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ రాలేదు.

ఆ మాట మీదే పాట కట్టాం. "రాసే పలక చెరిపితే పాయె, మోగే పలక చెవిలో ఉండె" అన్న లైను మీకు గుర్తుండే ఉంటుంది. రెండో చరణంలో దొండాకు ఎందుకు వచ్చిందని కొందరు పిల్లలు అడిగారు. పలక నల్లగా మెరవాలని మేం దొండాకు పెట్టి రుద్దేవాళ్లం, చేతులు ఆకుపచ్చగా అయ్యేవి, వాసన సాయంత్రం దాకా పోయేది కాదు. నలభై దాటినవాళ్లకి ఆ ఒక్క మాట చాలు, మిగతా చరణం వినకపోయినా ఫర్వాలేదు.

రికార్డింగ్ స్టూడియోలో ఎందుకు చేయలేదు?

మొదలుపెట్టింది అక్కడే. నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటలు పోతే చెన్నై, ఒక స్టూడియోలో రెండు రోజులు తీసుకున్నాం, మాకు అది పెద్ద ఖర్చు. పలక తోలు మంట దగ్గర కాచితేనే బిగుస్తుంది. గాలిలో తేమ తగిలితే తోలు వదులై "డంగ్" అనాల్సింది "డబ్" అంటుంది, అప్పుడు మళ్లీ నాలుగు గడ్డిపరకలు అంటించి కాచుకోవాలి. ఆ భవనంలో నిప్పు పెట్టడానికి లేదు, అది వాళ్ల తప్పు కాదు. కానీ అక్కడున్న ఇంజినీరు మామ చేతిలోని పలక వైపు చూసి "దీని శాంపిల్ నా దగ్గర ఉంది, కీబోర్డు మీద వాయించుకోండి" అన్నాడు. మామ ఏమీ అనలేదు, పలకని గుడ్డలో చుట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ మెట్లు గుర్తొస్తే నాకు గొంతు పట్టేస్తుంది. మిగిలిన డబ్బులు వదులుకుని సాయంత్రం రైలెక్కాం.

తర్వాత మా ఊళ్లోనే తీశాం. పలక బయట కళ్లంలో, గొంతు ఇంట్లో వడ్లు పోసే గదిలో. గోడలకి పరుపులు, దుప్పట్లు ఆనించి, ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతుండగా పాడింది ఆ అమ్మాయి. రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టి కాకులు లేచేదాకా. కరెంటు పోతే ఆ రాత్రికి అంతే.

పలకని ఎట్టా రికార్డు చేశారు? మాకూ చెప్పండి.

ఇది వాయించేవాళ్లు అడిగే ప్రశ్న, కాబట్టి నేరుగా చెబుతాను. రెండు మామూలు డైనమిక్ మైకులు వాడాం. ఒకటి తోలు వైపు రెండు మూడు అడుగుల దూరంలో, ఇంకోటి వెనక తెరిచి ఉన్న వైపు. సిర్ర (కుడిచేతి పొట్టి కర్ర) దెబ్బ ముందు మైకులో, చిటికెన పుల్ల (ఎడమచేతి సన్న పుల్ల) గలగల, గుమ్మటం లాంటి మోత వెనక మైకులో బాగా పడతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, తోలు ఒక వైపుకి పోయినప్పుడు రెండో వైపు గాలి సరిగ్గా తిరగబడి ఉంటుంది, కాబట్టి రెండు ట్రాకులూ ఉన్నవున్నట్టు కలిపితే ఒకదాన్నొకటి మింగేసి మోత పల్చబడిపోతుంది. వెనక మైకు ఫేజ్ తిప్పండి, అంటే ఆ ట్రాకు అలని తలకిందులు చేయండి, ఒక్కసారిగా కడుపు నిండినట్టు వినబడుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీశాం, లెవెల్ బాగా తగ్గించి పెట్టుకున్నాం, ఎందుకంటే మామ ఉషారొస్తే ఎంత గట్టిగా కొడతాడో ముందే చెప్పలేం.

క్లిక్ ట్రాక్ వాడారా?

క్లిక్ అంటే వాయించేటప్పుడు వేగం తప్పకుండా చెవిలో టిక్ టిక్ అనే చప్పుడు. రొట్టెల పాటకి వాడాం. పలక పాటకి వాడలేదు, అది నిమిషానికి 96 దెబ్బల దగ్గర మొదలై 104 దాకా పోతుంది. మామ చెవిలో క్లిక్ పెట్టి చూశాం, దెబ్బలు సరిగ్గానే పడ్డాయి గానీ నడక పోయింది. ఊరేగింపులో మనిషి ముందుకు కదులుతాడు, వేగం దానంతటదే పెరుగుతుంది. అందుకని ముందు మామ పలక మొత్తం ఒకే టేకులో తీసి, దాని మీద మిగతావాళ్లం వాయించాం. గిటార్ వాడు ఆ వేగం పట్టుకోవడానికి వారం రోజులు పట్టింది.

రొట్టెల పాట మతం పాటా?

నాకు తెలిసి అది కోరికల పాట. మొహర్రం సమయంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా పక్కన జరిగే రొట్టెల పండగ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె తీసుకుంటారు, ఇద్దరూ నీళ్లలో నిలబడే. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఏది కావాలంటే అది అడుగుతారు. ఎవరిది ఏ మతమో అడిగేవాళ్లుండరు. మా అక్క పిల్లల కోసం నాలుగేళ్లు తీసుకుంది, ఐదో ఏడు ఇవ్వడానికి వెళ్లింది. ఇచ్చేటప్పుడు ఎదురుగా చేతులు చాపిన అమ్మాయిని చూసి అక్క ఏడ్చేసింది, ఎందుకంటే అంతకుముందు ఏడాది తాను నిలబడిన తీరే అది.

ఆ పాటలో ఇద్దరు గొంతుకలు అందుకే. ఒకరు "ఇచ్చే చేతికి తడి" అంటే ఇంకొకరు "పట్టే చేతికి తడి" అంటారు. చివరి చరణంలో గొంతులు మారిపోతాయి, ఇచ్చిన ఆమె లైను తీసుకున్న ఆమె పాడుతుంది. చాలామంది అది ఎడిటింగ్‌లో పొరపాటు అనుకున్నారు, కాదు.

యాసలో ఎందుకు రాస్తారు? హైదరాబాదు వాళ్లకి అర్థం కావద్దా?

మొత్తం యాసలో రాయను. ఏ వస్తువుకి ఏ మాట ఉందో ఆ మాట పెడతాను. మా దగ్గర వరి పొలంలో ఒక్కో ముక్కని కయ్య అంటాం, పాటలో "మడి" అని రాస్తే మా నాన్నకి అది వేరే ఊరి పొలం. పైగా ఉప్పు పాటలో కయ్య వరికి, మడి ఉప్పుకి, రెండు మాటలూ విడివిడిగా కావాలి నాకు. అర్థం కాకపోతే అడుగుతారు, అడిగితే చెబుతాం, ఒక మాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేది ఇలాగే కదా.

మా బ్యాండులోనే మూడు రకాల తెలుగు ఉంది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడ్డప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి వచ్చాయి, ఒంగోలు గుంటూరు నుంచి, మార్కాపురం కర్నూలు నుంచి. కందుకూరు 2022లో మళ్లీ నెల్లూరులోకి వచ్చింది, ఆ తర్వాత తిరిగి ప్రకాశంలోకే పోయింది. జిల్లాలు మారాయి గానీ ఇళ్లలో మాట మారలేదు. కీబోర్డ్ అక్కది ఒంగోలు, ఆమె "ఎక్కడ" అంటే గిటార్ వాడు "యాడ" అంటాడు. రిహార్సల్లో ఈ తేడాల మీద గంటలు గంటలు వాదించుకున్నాం, ఆ వాదనల్లోంచి వచ్చిన లైన్లే పాటల్లో బాగున్నాయని నా నమ్మకం.

పాటలు రాయడానికి ఛందస్సు రావాలా?

పరీక్ష పాసయ్యేంత అక్కర్లేదు, చెవికి తెలిస్తే చాలు. 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది, మన భాషలో దొరికిన తొలినాటి పద్యాల్లో ఒకటి. దాన్ని పైకి చదివితే నడక ఇప్పటికీ కాలికి తగులుతుంది. గురజాడగారి ముత్యాల సరం నడక చూడండి, మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు, అంటే ఏడేసి మాత్రల మిశ్రగతే. మా గిటార్ వాడు ఏడు మాత్రల బాణీ పంపినప్పుడు నాకు ఊపిరాడలేదు, ఆ నడక గుర్తొచ్చాక రెండు రోజుల్లో రాసేశాను. చెక్కభజన, కోలాటం పాటలు బాగా వినండి, అంతకు మించిన బడి లేదు.

ఎవరి ప్రభావం ఉంది?

ఆత్రేయగారిది. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన మనిషి, ఇంట్లో మాట్లాడుకునే మాటతోనే గుండె కోసేలా రాశారు. కష్టమైన మాట వేయాలనిపించినప్పుడల్లా ఆయన్ని తలుచుకుని ఆగిపోతాను. పాడే అమ్మాయికి బాలుగారు. పాట నేర్చుకునేటప్పుడు ఆయన "ళ" ఎట్టా పలికారో, ఒత్తు దగ్గర ఊపిరి ఎంత వదిలారో రాసిపెట్టుకున్న నోటుపుస్తకం ఉంది ఆమె దగ్గర. తిప్పరాజువారి వీధిలో ఆయన ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు. మా రిహార్సల్‌కి పోయేటప్పుడు ఆ అమ్మాయి కావాలని ఆ వీధి మీదుగానే పోతుంది.

పాట హక్కులు ఎవరివి? కొత్తగా రాసేవాళ్లం ఏం జాగ్రత్త పడాలి?

దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. పాట ఒక్కటే అయినా హక్కులు మూడు: సాహిత్యం, సంగీతం, సౌండ్ రికార్డింగ్. నా మొదటి రోజుల్లో ఒకరికి రెండు పాటలు రాసిచ్చి, కాగితం చదవకుండా సంతకం పెట్టాను, ఇప్పుడు ఆ పాటల మీద నా పేరు కూడా లేదు. 2012లో కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణ తర్వాత, హక్కులు రాసిచ్చినా సరే రాయల్టీలో సమాన వాటా రచయితకీ సంగీతకారుడికీ ఉంటుంది, అది వదులుకుంటున్నానని రాయించుకున్నా చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం చెబుతుంది. సాహిత్యం మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి, రచయితలకీ సంగీతకారులకీ రావాల్సిన రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ అది. మా బ్యాండులో ప్రతి పాటకీ ఒక కాగితం రాసుకున్నాం, ఎవరికి ఎంత అని. పలక పాటలో మామ మాట మీద పాట కట్టాం కాబట్టి సాహిత్యంలో ఆయన పేరు కూడా ఉంది.

మీరెందుకు పాడరు?

ఆ అమ్మాయి పాడింది విన్నాక నాకు పాడాలనిపించలేదు.

రికార్డు అయ్యాక మార్చాలనిపించిన మాట ఏదైనా ఉందా?

ఉంది. ఉప్పు పాట బయటికొచ్చాక పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఇస్కపల్లి వెళ్లాను. పెద్దమ్మ మనవడి ఫోన్‌లో పెట్టుకుని, గట్టు మీద ఆరుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని విన్నారు. పల్లవి దగ్గర పెద్దమ్మ తల ఊపింది. "కట్టకి ఈ పక్క ఆగమ్మా" అన్నప్పుడు పక్కావిడ చేత్తో మబ్బుని తోసేసినట్టు అన్నది, అందరూ నవ్వారు. మూడో చరణంలో "తెల్లని గుట్ట మీద చందమామ" అని ఒక లైను ఉంది, నాకు చాలా ఇష్టమైన లైను, దాని కోసం మూడు రోజులు కూర్చున్నాను. పెద్దమ్మ అది విని, "రేత్రిపూట గుట్టల మీద తాటాకు కప్పి పెడతాం అబ్బయా, చందమామకి ఏం కనపడద్ది" అన్నది.

రికార్డింగ్‌లో ఆ లైను అట్లాగే ఉంది. కచేరీల్లో మాత్రం "తాటాకు కింద తెల్లగా" అని పాడుతున్నాం. ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి విని మాటలు తప్పు పాడారని అడిగితే, కారణం ఇది. మళ్లీ రికార్డు చేసే రోజు వస్తే ముందు ఆ లైను మారుస్తాం, ఈసారి పెద్దమ్మని కూడా వడ్లగదిలోకి తీసుకెళ్లి మైకు ముందు నిలబెట్టాలని ఉంది. అడిగాను, సీజన్ అయ్యాక చూద్దాంలే అన్నది.